నాలుగో పిల్లర్ ఫోటో

ఆ ఫోటో మరీ అందంగా ఉంది. అదే నాకు అనుమానం తెప్పించింది.

గురువారం ఉదయం తొమ్మిదింపావు అయింది. కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని, సోమవారం నాటి ఫోటోలు కంప్యూటర్లో సర్దుతున్నాను. అంతకు ముందరి ఏడు వారాల ఫోటోలు వరుసగా ఉన్నాయి. ఏడూ ఒక్కలాగే మసక పసుపు రంగులో, ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. ఎనిమిదోది తెరిచేసరికి తెల్లగా, నిన్ననే సున్నం వేసినట్టు మెరిసిపోతోంది. పిల్లర్ మీది పగులు పెన్సిల్‌తో గీసిన సన్నటి గీతలా ఉంది. దాని పక్కన నేను అంటించిన కొలత పట్టీ మీద అంకెలు కనిపించడం లేదు. అవి ఉండాల్సిన చోట ఒక తెల్లటి మెరుపు మచ్చ మాత్రం ఉంది.

నేను పెళ్లిళ్లూ పుట్టినరోజులూ తీయను. గోడలు తీస్తాను. పగిలిన గోడలు, కుంగిన మెట్లు, వంగిన దూలాలు. పదకొండేళ్లుగా ఒక కట్టడాల ఇంజనీరు గారి దగ్గర నా ఉద్యోగం ఇదే. మా ఆయనైతే, "మా ఆవిడ కెమెరా ఎత్తితే గోడలైనా నోరు తెరుస్తాయి, నాకే ఆ అవకాశం లేదు" అని నలుగురిలో నవ్విస్తుంటాడు. ఎవరి ఇంట్లో బీట కనిపించినా ఇంజనీరు గారిని పిలుస్తారు. ఆయన దాన్ని వేలితో తడిమి చూసి, "పగులు లేని ఇల్లు ఎక్కడుందమ్మా? ఇది పెరుగుతోందా, ఆగిపోయిందా, అది చెప్పు నాకు" అంటారు. చెప్పాల్సింది నా ఫోటోలు.

దానికోసమే నా కెమెరాలో ఒక ఏర్పాటు చేసుకున్నాను. కెమెరా నెత్తిన చిన్న చక్రం ఉంటుంది. దాని మీద ఆకుపచ్చ గుర్తు ఆటో. అక్కడ పెడితే వెలుగు ఎంత కావాలో, ఫ్లాష్ వేయాలో వద్దో అన్నీ కెమెరాయే చూసుకుంటుంది. అదే చక్రం మీద సీ-వన్ అని ఇంకో గుర్తు ఉంటుంది. మనకు కావలసిన కొలతలన్నీ ఒకసారి పెట్టి దాచుకుంటే, చక్రాన్ని అక్కడికి తిప్పిన ప్రతిసారీ కెమెరా అవే కొలతలతో తీస్తుంది, సొంత తెలివి వాడదు. నా సీ-వన్‌లో ఫ్లాష్ లేదు. షట్టర్ అర సెకను తెరుచుకుంటుంది. నేల మీద పెయింటుతో పెట్టిన మూడు చుక్కల మీద స్టాండు కాళ్లు ఆనిస్తాను. పిల్లర్‌కు ఎడమ వైపున, దాదాపు దాన్ని రాసుకునేటట్టు ఒక లైటు పెడతాను. వెలుగు పక్క నుంచి పడితే పగులులో నీడ నిండి, దాని లోతూ వెడల్పూ బయటపడతాయి. అన్నీ ప్రతివారం ఒకేలా ఉంటే, ఫోటోలో ఏదైనా మారిందంటే మారింది పగులే అని గట్టిగా చెప్పవచ్చు.

ఆ పిల్లర్ ఒక మూడంతస్తుల కుట్టు ఫ్యాక్టరీలోది. పక్క స్థలంలో పునాదుల కోసం లోతుగా తవ్వకం మొదలయ్యాక, కింది గోడౌనులో ముందు మెట్ల పక్కనున్న నాలుగో పిల్లర్ బీటవారింది. మనిషి ఎత్తు ఇస్త్రీ ప్రెస్సులు నాలుగు, మోయలేనంత బరువున్నవి, రెండో అంతస్తుకు ఎక్కించాలని యజమానికి తొందర. పగులు సంగతి తేలేదాకా వద్దని ఇంజనీరు గారు రెండు నెలలుగా ఆపుతూ వచ్చారు.

శనివారం మా ఇంటి మెట్ల మీద నా కాలు బెణికింది. సోమవారం మా మరిదిని పంపాను. అతను పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు, చేతిలో పనితనం ఉన్నవాడు, నోటికి మాత్రం అడ్డూ అదుపూ లేదు.

"చక్రం సీ-వన్ మీద పెట్టు. లైటు ప్లగ్గులో పెట్టు. మధ్యాహ్నం భోజనాల టైములో తియ్యి. ఇంకేమీ ముట్టుకోకు" అని చెప్పాను.

"వదినా, గోడ కదలదు, కళ్లు మూయదు, నాకు రెండు గడ్డాలు ఎందుకొచ్చాయని పేచీ పెట్టదు. ఇంత మంచి కస్టమరు నాకు జన్మలో దొరకలేదు" అన్నాడు.

ఇప్పుడు ఫోటో వివరాలు తెరిచి చూశాను. మోడ్: ఆటో. ఫ్లాష్: వెలిగింది.

అతను పక్క గదిలోనే ఉన్నాడు. కేకేశాను. కాఫీ కప్పుతో వచ్చి స్క్రీన్ వంక చూసి, "బాగా వచ్చింది కదా" అన్నాడు.

"ఆటోలో ఎందుకు తీశావు?"

"సీ-వన్‌లో నల్లగా వచ్చింది వదినా, అసలేమీ కనపడలా. ప్లగ్గుకి అడ్డంగా గుడ్డ తానులు పేర్చేశారు. లైటు పెట్టే దారే లేదు. సరేలే, వెలుగే కదా కావాల్సింది అని ఆటోలో కొట్టేశా."

"ఫ్లాష్ ఎదురుగా పడితే నీడ ఉండదు. నీడ లేకపోతే వేలు పట్టే పగులైనా గీతలాగే కనపడుతుంది."

అతని మొహంలో నవ్వు సగంలో ఆగింది. నేను ఇంజనీరు గారి ఉత్తరం నకలు తెరిచాను. మరిది నేరుగా పంపిన ఫోటో చూసుకుని, మంగళవారం సాయంత్రం రాసింది. ఎనిమిదో వారం ఫోటోలో పగులు పెరిగిన జాడ లేదనీ, ప్రెస్సులు ఎక్కించుకోవచ్చనీ ఉంది. కింద ఆయన సంతకం.

"ప్రెస్సులు ఎప్పుడు ఎక్కిస్తున్నారో తెలుసా?" అని అడిగాను.

మరిది కప్పు బల్ల మీద పెట్టాడు. "ఈ రోజే. పొద్దున మా ఆవిడ చెప్పింది. క్రేను వస్తుందట."

అతని భార్య, నా తోడికోడలు, ఆ ఫ్యాక్టరీ రెండో అంతస్తులోనే సూపర్‌వైజరు.

ఇంజనీరు గారి ఫోను కలవలేదు. ఇంటికి చేస్తే వాళ్లావిడ ఎత్తి, ఏదో కూలిన ప్రహరీ కేసులో సాక్ష్యం చెప్పడానికి కోర్టుకెళ్లారనీ, ఫోను బయటే ఇచ్చేయాలనీ, పన్నెండు దాటితే గానీ దొరకరనీ చెప్పింది. ఫ్యాక్టరీ నంబరు మోగి మోగి ఆగిపోయింది. పనివాళ్ల ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు.

"పద" అన్నాను.

"నీ కాలు?"

"కాలు తర్వాత చూద్దాం. స్టాండు నువ్వు పట్టుకో."

బండి మీద వెనక కూర్చుని కెమెరా సంచి పొట్టకు అదుముకున్నాను. మరిది అడ్డదారిన సందుల్లోంచి బండి పోనిచ్చాడు.

మేం వెళ్లేసరికి గేటు ముందు లారీ ఉంది. క్రేను చెయ్యి రెండో అంతస్తు దాకా చాచుకుని ఉంది. రెండు ప్రెస్సులు అప్పటికే పైకి చేరాయి. మూడోది గొలుసుల్లో వేలాడుతూ నేల నుంచి మోకాలెత్తు లేచింది. మేనేజరు చెవి మీద పెన్నుతో ఎదురొచ్చాడు.

"ఏంటమ్మా, కట్టుతో వచ్చారు? సోమవారం మీ మరిదిగారు తీసేశారుగా?"

"ఆ ఫోటో తప్పు సార్. అది ఎక్కించడం ఆపండి. మళ్లీ తియ్యాలి."

"ఫోటోలో తప్పేముంటుందమ్మా? ఉన్నదే కదా పడేది!"

"ఉన్నది సరిగా పడలేదు."

ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి విప్పాడు. "ఇదిగో, మీ ఇంజనీరు గారి సంతకం. ఆయనకంటే మీకు ఎక్కువ తెలుసా?"

"ఆయనకు ఆ పిల్లర్ గురించి తెలిసింది నా ఫోటోల వల్లే సార్. పది నిమిషాలివ్వండి. ఏమీ లేకపోతే మీ ముందే తప్పు ఒప్పుకుని వెళ్లిపోతాను."

ఆయన క్రేను వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. "పది నిమిషాలు. క్రేను మధ్యాహ్నానికి ఇంకో చోటికి పోవాలి" అని, మూడో ప్రెస్సును ఉన్నచోటే ఆపమని చెయ్యి ఊపాడు.

గోడౌనులో ఒకటే గుడ్డి బల్బు. మరిది తానులు లాగి పక్కకు పడేస్తుంటే దుమ్ము లేచింది. మూడు చుక్కల్లో ఒకటి తానుల కిందే దొరికింది. లైటు ప్లగ్గులో పెట్టాం. స్టాండు నిలబెట్టి చక్రం సీ-వన్‌కు తిప్పాను. కళ్లతో చూస్తే పగులు పెద్దదైనట్టే అనిపించింది గానీ, భయపడుతున్న కంటిని నేను నమ్మను. ఆ కంటికి వెంట్రుక కూడా మోకులా కనిపిస్తుంది.

నొక్కాను. స్క్రీన్ మీద పగులు రెండు అంచులుగా చెదిరిపోయి కనిపించింది. మళ్లీ నొక్కాను. అదే చెదురు. అరచెయ్యి స్టాండు మీద పెడితే అర్థమైంది. పైన మూడు అంతస్తుల్లో కుట్టు మిషన్లు ఆడుతున్నాయి. నేల సన్నగా వణుకుతోంది. ఇన్ని వారాలూ నేను భోజనాల టైములోనే తీసింది అందుకే.

"షట్టర్ స్పీడు పెంచు వదినా. లేదంటే ఆటో..." అని మొదలుపెట్టి మరిది నాలుక కరుచుకున్నాడు.

"ఒక్క కొలత మార్చినా ఇది వేరే ఫోటో అయిపోతుంది. నువ్వు సెట్టింగు మార్చావు కాబట్టి అలా కనపడుతోందంటాడు మేనేజరు. ఆయన నోరు మూయించాలంటే సీ-వన్‌లోనే తియ్యాలి. మిషన్లు ఆపించు. ఒక్క నిమిషం చాలు. వెనక మెట్ల మీంచి వెళ్లు."

అతను పరిగెత్తాడు. నేనొక్కదాన్నే మిగిలాను. పిల్లర్‌కూ నాకూ మధ్య రెండు గజాల దూరం కూడా లేదు. నా తల మీద తొంభై మంది మనుషులు, రెండు ప్రెస్సులు. వెళ్లి గేటు దగ్గర నిలబడవచ్చు కదా అని ఒకసారి అనిపించింది. కానీ స్టాండు కదిలితే మళ్లీ మొదటికొస్తుంది. కదలలేదు. కాలి నొప్పి ఎటు పోయిందో తెలియలేదు.

పైన మోత ఒక్కసారిగా ఆగలేదు. ముందు రెండో అంతస్తు ఆగింది. కాసేపటికి మూడోది. మొదటి అంతస్తులో ఒక్క మిషను మొండిగా ఆడుతూనే ఉంది. ఎవరో గట్టిగా అరిచారు. అదీ ఆగింది. అంత పెద్ద భవనం ఊపిరి బిగబట్టినట్టయింది.

నా చెయ్యి తగిలి కదలకుండా టైమరు పెట్టి నొక్కాను. ఎర్రదీపం రెండుసార్లు మినుకుమంది. షట్టర్ తెరుచుకుంది, మూసుకుంది.

ఆ నిశ్శబ్దంలో వినిపించింది. టిక్. పంటి కింద మిరియం చితికినట్టు, అంత చిన్న చప్పుడు. నా మణికట్టు మీద సిమెంటు పొడి రాలింది.

ఇంకొకటి తీశాను. రెండూ అద్దంలా వచ్చాయి. స్టాండు అక్కడే వదిలేసి, కెమెరా ఊడదీసుకుని కుంటుతూ బయటికొచ్చాను.

పాత ఫోటోలు కూడా అదే కార్డులో ఉన్నాయి. కెమెరా మేనేజరు చేతిలో పెట్టి, ఏడో వారం ఫోటో చూపించాను. "ఈ బటను నొక్కండి. ఇప్పటిది వస్తుంది. మళ్లీ నొక్కండి. అప్పటిది."

ఆయన నొక్కాడు. రెండు ఫోటోల్లోనూ పిల్లర్ వెంట్రుకవాసి కదలలేదు. కొలత పట్టీ కదలలేదు. కింద ఎప్పుడో పడిన నీలం సిరా మరక కదలలేదు. పగులు మాత్రం నోరు తెరిచింది. అప్పుడు పట్టీ మీద ఒక గీత వెడల్పు కూడా లేనిది ఇప్పుడు ఐదు గీతలు మింగేసింది. దాని పై కొస నుంచి ఇంకో కొత్త పగులు ఏటవాలుగా దూలం దాకా పాకింది.

"ఇది ఆ పిల్లరేనా?" గొంతు తగ్గింది ఆయనకు.

"ఆ నీలం మరక చూడండి సార్."

ఆయన మళ్లీ నొక్కాడు. తెరిచింది. మూసింది. తెరిచింది. బొటనవేలు బటను మీదే ఆగిపోయింది.

అంతలో మరిదీ తోడికోడలూ వెనక మెట్లు దిగి వచ్చారు. ఆమె మెడలో టేపు ఇంకా వేలాడుతోంది. "ఏమైందక్కా? ఈయన ఆపు ఆపు అని కేకలేస్తే షిఫ్టంతా ఆపేశాను. నాకు అక్షింతలు పడతాయి ఇవాళ" అంటూ కెమెరాలోకి తొంగి చూసింది. మేనేజరు వేలు పక్కకు తోసి తనే మూడుసార్లు నొక్కింది.

"ఓనరు గారికి ఫోన్ చేసి అడిగి..." అన్నాడు మేనేజరు.

"చెయ్యండి సార్. మేం రోడ్డు మీద నిలబడి వింటాం" అంది ఆమె. మాట పూర్తయ్యేలోపే వెనక్కి తిరిగింది.

నాకు పెద్దగా అరవాలనిపించింది. ఆమె అరవలేదు. కింద నుంచే ఒక్కో అంతస్తు వాళ్లనూ పిలిచి వెనక ఇనుప మెట్ల వైపు మళ్లించింది. "సంచులొద్దు, డబ్బాలొద్దు. ముందు మెట్ల వైపు ఎవరూ పోకండి. కడుపుతో ఉన్నవాళ్లిద్దరూ ముందు దిగండి. తొయ్యకండమ్మా, సినిమా టిక్కెట్లు కాదు ఇచ్చేది." ఆ మెట్లు ఒక మనిషి వెడల్పే. ఒకరి వెనక ఒకరు దిగుతుంటే ఇనుము గణగణ మోగుతోంది. ఆ మోత పిల్లర్‌కు ఎక్కడ తగులుతుందోనని నేను ఒక్కో అడుగూ లెక్కపెట్టాను. మేనేజరును కూడా ఒక మాట మెచ్చుకోవాలి. ఫోను జేబులో పెట్టేసి, మూడో ప్రెస్సును దింపించి, లారీని గేటు నుంచి జరిపించాడు.

రోడ్డవతల తోడికోడలు తలలు లెక్కపెట్టింది. హాజరు ప్రకారం తొంభై నాలుగు. ఉన్నది తొంభై మూడు. మళ్లీ లెక్కపెట్టింది.

"గుండీల పిన్ని ఏది?" అని ఎవరో అడిగారు. గుండీలు కుట్టే పెద్దావిడ, చెవుడు. మూడో అంతస్తులో బాత్‌రూముకు వెళ్లిందట.

మేమింకా ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నాం. మరిది అప్పటికే రోడ్డు దాటేశాడు. తోడికోడలు అతని పేరు పెట్టి అరిచింది. అతను తిరిగి చూడలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. పైకిటికీలో అతను ఒకసారి కనిపించాడు, మళ్లీ కనిపించలేదు. ఎంతసేపో తెలియదు. తర్వాత ఇనుప మెట్ల పైన పిన్ని చీర కనిపించింది. అతను ఆవిడ వెనకే దిగుతున్నాడు. ఆవిడ మెట్టు మెట్టుకూ ఆగి, ఆడవాళ్ల బాత్‌రూము తలుపు బాదడానికి నీకెంత ధైర్యం అని అతన్ని తిడుతోంది. తొంభై మూడు మందీ ఒక్కసారి నవ్వారు. కొందరు నవ్వుతూనే ఏడ్చారు.

ఇంజనీరు గారు ఒంటిగంటకు వచ్చారు, కోర్టుకు వేసుకెళ్లిన కోటుతోనే. ముందు కెమెరా చూశారు. తర్వాత టార్చి తీసుకుని ఒక్కరే లోపలికి వెళ్లి, నిమిషంలో బయటికొచ్చారు. ఆయన అంత వేగంగా నడవడం నేను పదకొండేళ్లలో చూడలేదు. పక్క స్థలంలో తవ్వకం ఆపించారు, ఇనుప సపోర్టులు తెప్పించమన్నారు. అవి లారీ మీద నుంచి దించుతుండగా, మూడు గంటల ప్రాంతంలో, లోపల పెద్ద మంచం విరిగినట్టు చప్పుడైంది. కిటికీల్లోంచి దుమ్ము బయటికి తన్నుకొచ్చింది. ముందు మెట్లు నాలుగో పిల్లర్ దగ్గర తెగి కింద పడ్డాయి. రెండో అంతస్తు ఆ మూల జానెడు కుంగింది. పైన పెట్టిన రెండు ప్రెస్సుల్లో ఒకటి పక్కకు ఒరిగి గోడకు ఆనుకుంది. తోడికోడలి కుర్చీ ఆ గోడ పక్కనే.

లోపల ఎవరూ లేరు.

ఆ సాయంత్రం మరిది ఇంజనీరు గారి ముందు నిలబడి, తప్పంతా తనదేనన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఫోటో నువ్వు తీశావు బాబూ. సంతకం నాది. ఏడు ఫోటోలు ఒక రంగులో, ఎనిమిదోది ఇంకో రంగులో ఉంటే, ఎందుకు అని నేను అడగొద్దూ? బాగుందని సంతోషపడ్డాను" అన్నారు. మర్నాడే యజమానికీ, మున్సిపల్ ఆఫీసుకీ ఈ మాటే రాసి పంపారు, ఒక్క అక్షరం దాచకుండా.

ఇంటికి వచ్చాక మరిది నాతో, "నువ్వు చెప్పినట్టు చెయ్యలేదు వదినా" అన్నాడు.

"ఏం చెయ్యాలో చెప్పాను గానీ, ఎందుకో చెప్పలేదు నేను."

"చెప్పినా వినేవాణ్ని కాదేమో. నాకు గోడంటే లెక్కలేదు అప్పుడు."

ఫ్యాక్టరీ పదిహేను రోజుల తర్వాత వేరే షెడ్డులో, నేల మీదే, మొదలైంది. నా కాలు మాత్రం ఆ పరుగుకు రెండింతలు వాచి నెల రోజులు మంచం పట్టించింది. ఒకరోజు మధ్యాహ్నం తోడికోడలు నా కాలికి కట్టు మారుస్తూ అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. నేను అక్కడ పనిచెయ్యకపోయినా ఇలాగే వచ్చేదానివా?"

అవునని వెంటనే అనాలనిపించింది. అనలేకపోయాను. "ఫోన్లు చేసేదాన్ని. ఆయన కోర్టు నుంచి వచ్చేదాకా చేస్తూనే కూర్చునేదాన్నేమో. తెలీదే."

ఆమె కట్టు ముడి బిగించింది, కావాలనే కాస్త గట్టిగా. "మిగతా తొంభై మూడు మందికి ఈ మాట చెప్పకులే" అని, కాలి కింద ఇంకో దిండు సర్ది, వంటింట్లోకి వెళ్లింది.